కెరటం గీతకు ఇవతల: శ్రీకాకుళం తీరంలో టెంటు వేసుకుని ఒక రాత్రి గడపడం ఎలా

శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రణస్థలం వైపు మొదలుపెడితే ఇచ్ఛాపురం దాకా ఇసుక, సరుగుడు తోటలు, కొబ్బరి తోటలు. మధ్యమధ్యలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ సముద్రంలో కలిసే మొగలు. పక్కనున్న విజయనగరం జిల్లా తీరం చిన్నది. భోగాపురం, పూసపాటిరేగ మండలాలతో అయిపోతుంది. ఇంత తీరంలో రాత్రి ఉండటానికి గదులు దొరికే ఊళ్లు తక్కువ, అందుకే టెంటు. ఈ మార్గదర్శి టెంటు ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లేవాళ్ల కోసం. వెనక గది బుక్ చేసి ఉండదు, కారులో పడుకోవడం ఉండదు.

అన్నింటికంటే ముందు ఒక మాట. మన తీరంలో ఖాళీగా కనిపించే ఇసుక ఖాళీ స్థలం కాదు. అది ఒక ఊరి వాకిలి. పొద్దున అక్కడ వలలు ఆరబెడతారు, పడవలు లాగుతారు, నెత్తళ్లు ఎండబెడతారు. మనం ఒకరి వాకిట్లో ఒక రాత్రి పడుకోబోతున్నాం. ఎక్కడ టెంటు వెయ్యాలి, ఎంత వెలుతురు పెట్టాలి, పొద్దున ఎన్ని గంటలకు తియ్యాలి అనే ప్రశ్నలకు జవాబులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ఎప్పుడు

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే దిగుతుంది, వాన అవకాశం తక్కువ, ఉక్క ఉండదు. మార్చి కూడా పరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో టెంటులో నిద్ర పట్టదు, పైగా సాయంత్రాలు ఉరుములు, పిడుగులతో గాలివానలు హఠాత్తుగా వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఎత్తైన కెరటాలు.

అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. ఆకాశం ఎంత తేటగా ఉన్నా వద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. ఇక్కడి వాళ్లు దసరా, దీపావళి రోజుల్లో ఆకాశం వంక ఎందుకు అంత జాగ్రత్తగా చూస్తారో ఈ తేదీలు చూస్తే తెలుస్తుంది.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అష్టమి, నవమి రోజులు మంచివి, ఆటుపోట్ల తేడా తక్కువగా ఉంటుంది. సముద్రం మీద పండువెన్నెల చూడాలనే కోరిక రెండో ప్రయాణానికి దాచుకోండి.

ఏ తీరం

మొదటిసారికి నేను కళింగపట్నం చెబుతాను. శ్రీకాకుళం నుంచి బస్సు ఉంది, గంట ప్రయాణం. లైట్‌హౌస్ ఉంది, ఊరు దగ్గర, మెరైన్ పోలీసులు దగ్గర. దారిలోనే శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ క్షేత్రం చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: వంశధార మొగ వైపు కాకుండా, దానికి దూరంగా ఉన్న ఇసుకలో టెంటు వేసుకోవాలి. మొగ దగ్గర ఒడ్డు ఆకారం ఒక్క రాత్రిలో మారిపోతుంది. నిన్న నడిచిన ఇసుక దిబ్బ ఇవాళ ఉండదు.

నాకు బాగా ఇష్టమైన చోటు బారువ. సోంపేట మండలంలో, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట, ఒకప్పటి రేవు ఊరు. కొబ్బరి తోటల మధ్య నుంచి నడుచుకుంటూ ఇసుక మీదికి రాగానే కలిగే సంతోషం ఈ జిల్లాలో ఇంకెక్కడా నాకు దొరకలేదు. రైలులో సోంపేట స్టేషన్‌లో దిగితే ఆటోలు దొరుకుతాయి. ఆ స్టేషన్ ఉన్నది సోంపేటలో కాదు, కంచిలిలో. దిగాక కంగారు పడొద్దు.

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి దగ్గరున్న శివసాగర్ తీరం పలాస నుంచి వచ్చేవాళ్లకు అనువు. విజయనగరం వైపు అయితే పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి. అక్కడ కూడా లైట్‌హౌస్ ఉంది, హైవే నుంచి దూరం కాదు, కానీ నీళ్లలో రాళ్లు ఉంటాయి. చంపావతి మొగ ఉన్న కోనాడ పగటిపూట చూడటానికి బాగుంటుంది. రాత్రికి నేను సలహా ఇవ్వను, కారణం మళ్లీ మొగే. భావనపాడు, మూలపేట వైపు పోర్టు పనులు, లారీల రాకపోకలు ఉంటాయి కాబట్టి అటు వద్దు.

ఊరిని అడగడం

చాలామంది వదిలేసే పని ఇదే. ఒడ్డుకు చేరింది మధ్యాహ్నం మూడింటికి అనుకుందాం. అంతకంటే ఆలస్యంగా చేరొద్దు. డిసెంబరులో అయిదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. సంచులు దించకుండా ముందు ఊళ్లోకి వెళ్లండి. పడవల దగ్గర వలలు బాగుచేసుకునే పెద్దవాళ్లు ఉంటారు. చెప్పులు వలల మీద పడకుండా దూరంగా నిలబడి, "ఫలానా ఊరి నుంచి వచ్చామండి, ఈ రాత్రికి టెంటు వేసుకుని పొద్దున్నే వెళ్లిపోతాం, ఎక్కడ వేసుకుంటే మీకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. "వేసుకోవచ్చా" అని మాత్రమే అడిగితే వేసుకోండి అంటారు. "ఎక్కడ" అని అడిగితే తీరం గురించి వాళ్లకు తెలిసినదంతా చెబుతారు. సర్పంచ్ గారినో, ఊరి పెద్దనో కలవమంటే కలవండి. దగ్గర్లో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంటే ఆధార్ కార్డు కాపీ ఇచ్చి చెప్పి రండి. తీరం మీద రాత్రిపూట తెలియని మనుషులు కనిపిస్తే మత్స్యకారులు పోలీసులకు చెప్పడం మామూలే. మీరే ముందు చెబితే అర్ధరాత్రి ఎవరూ టార్చి వేసుకుని వచ్చి లేపరు.

సరుగుడు తోటలో వేసుకోవాలనుకుంటే అది ఎవరిదో కనుక్కోవాలి. కొన్ని రైతులవి, కొన్ని అటవీ శాఖవి. అటవీ శాఖది అయితే వాళ్ల అనుమతి లేకుండా వద్దు.

ఆడపిల్లలతో, కుటుంబంతో వెళ్లినప్పుడు ఊరికి మరీ దూరంగా పోకండి. ఊరి చివరి ఇంటి దీపం కనిపించేంత దూరంలో ఉంటే చాలు. ఏకాంతం కావాలని రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లేవాళ్లను చూశాను. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆ రెండు కిలోమీటర్లు ఇసుకలో మోసుకు రావాలి.

గీత చూడటం

నేను మొదటిసారి కళింగపట్నంలో టెంటు వేసింది పౌర్ణమికి ముందు రోజు. సాయంత్రం నీళ్లు చాలా దూరంగా ఉన్నాయి, ఇసుక చదునుగా, గట్టిగా ఉంది, ఇంతకంటే మంచి చోటు ఉండదనుకున్నాను. వల భుజాన వేసుకుని వెళ్తున్న ఒక తాత ఆగాడు. "ఇక్కడేటి బాబూ పడుకుంతారు? రేత్రికి కెరటం ఈడికే వత్తాది" అన్నాడు. కాలితో ఒక గీత చూపించాడు. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు, థర్మాకోల్ ముక్కలు కలిసి వంకరగా సాగిన నల్లటి గీత. మా టెంటు దానికి సముద్రం వైపు ఉంది. టెంటు పీకి పైకి జరిపాం. రాత్రి లేచి చూస్తే మేం మొదట వేసిన చోట మోకాలి లోతు నీళ్లున్నాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఆ గీతనే. నిన్నటి పోటు ఎక్కడి దాకా వచ్చిందో అది చెబుతుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి రోజూ పోటు ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. ఒకటిన్నర మీటరేగా అనిపిస్తుంది. కానీ ఇసుక పది మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉంటే ఆ తేడా ఒడ్డు మీద పదిహేను మీటర్లు. ఒడ్డు ఇంకా చదునుగా ఉంటే నీళ్లు ఇంకా లోపలికి వస్తాయి. కెరటాల ఎత్తు దీనికి అదనం.

కొన్నిచోట్ల రెండు గీతలు కనిపిస్తాయి. కింది గీత నిన్నటిది, పై గీత మొన్నటి అమావాస్యదో పౌర్ణమిదో. లెక్క ఎప్పుడూ పై గీత నుంచే. దానికి కనీసం ముప్పై అడుగులు ఇవతల, ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగలు మొదలయ్యే చోట టెంటు వెయ్యండి. ఉప్పునీళ్లు తరచుగా ఎక్కే చోట ఆ తీగ దట్టంగా అల్లుకోదు. అది దట్టంగా ఉందంటే అక్కడ ఇసుక నిలకడగా ఉన్నట్టు.

గీతకు వెనక్కి ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి గూడు తవ్వేది సరిగ్గా ఆ గీతకు కాస్త పైన, పొడి ఇసుకలో. టెంటు వెయ్యాలని మనకు మొదట అనిపించే చోటే వాటికీ కావాలి. తల్లి తాబేలు ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్లీ వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ ఇసుక మీద టెంటు మేకులు దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఏం పట్టుకెళ్లాలి

సామాను తక్కువే ఉండాలి, కానీ ఇవి తప్పనిసరి. రెండు పొరల డోమ్ టెంటు, లోపలి పొర దోమతెరలా ఉండేది. ఒక పొర టెంట్లలో తెల్లారేసరికి మన ఊపిరి తేమే పైనుంచి చినుకుల్లా పడుతుంది. టెంటు కింద వేయడానికి బరకం, టెంటు కంటే నాలుగు వేళ్లు చిన్నదిగా మడిచి. బయటికి పొడుచుకొస్తే మంచు నీరు, వాన నీరు దాని మీద జారి కిందికి చేరుతుంది. ఆరు ప్లాస్టిక్ బియ్యం సంచులు, ఖాళీవి. పది మీటర్ల నైలాన్ తాడు. మనిషికి నాలుగు లీటర్ల చొప్పున మంచినీళ్లు. ముగ్గురు నలుగురు ఉంటే ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి ఊళ్లోనే కొనుక్కోవడం సులువు. ఇద్దరికి ఒక టార్చి, ఎర్ర సెల్లోఫేన్ కాగితం, పవర్ బ్యాంకు, చిన్న పార, దుప్పట్లు, చెవులు కప్పే మఫ్లర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ, మీరు వాడే మందులు.

స్లీపింగ్ బ్యాగ్ లేకపోయినా నడుస్తుంది. కింద మాత్రం ఏదో ఒకటి మందంగా ఉండాలి. పగలు కాలిన ఇసుక తెల్లవారుజాముకి చల్లబడి నడుము పట్టేస్తుంది.

ఇసుకలో టెంటు నిలబెట్టడం

టెంటుతో వచ్చే సన్నటి ఇనుప మేకులు ఇసుకలో పనికిరావు. గాలి ఒక్క తోపు తోస్తే లేచి వస్తాయి. బియ్యం సంచులు అందుకే.

ముందు బరకం పరిచి, దాని మీద టెంటు పరచండి. పొడుగు వైపు సముద్రం నుంచి భూమి వైపుకు ఉండాలి, అడ్డంగా కాదు. సాయంత్రం దాకా గాలి సముద్రం మీంచి వస్తుంది. చీకటి పడ్డాక నీటి కంటే ఇసుక త్వరగా చల్లబడుతుంది కాబట్టి రాత్రి ముదిరేకొద్దీ గాలి తిరగబడి భూమి మీంచి సముద్రం వైపు వీస్తుంది. టెంటు పొడవు ఆ దిశలోనే ఉంటే రెండు గాలులూ సన్నటి వైపునే తగులుతాయి. అడ్డంగా వేసినవాళ్లు రాత్రంతా గుడ్డ టపటపలాడే చప్పుడు వింటూ పడుకోవాలి. తలుపు సముద్రం వైపు పెట్టుకోండి. తెల్లారి జిప్పు తీస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు.

కడ్డీలు ఎక్కించకముందే నలుగురిలో ఒకరు టెంటు మీద కూర్చోవాలి, లేదా లోపల బరువైన సంచి పెట్టాలి. కడ్డీలు ఎక్కిన టెంటు ఖాళీగా ఉంటే గాలికి బంతిలా దొర్లిపోతుంది.

తర్వాత సంచుల పని. ప్రతి మూలకు ఎదురుగా, రెండు మూడు అడుగుల దూరంలో, మోచెయ్యి లోతు గొయ్యి తవ్వండి. సంచిలో సగం దాకా ఇసుక నింపి మూతి తాడుతో గట్టిగా కట్టి, ఆ తాడు కొసను టెంటు మూలకు కట్టండి. సంచిని గొయ్యిలో అడ్డంగా పెట్టి, పైన తడి ఇసుక పోసి కాలితో తొక్కండి. పొడి ఇసుక జారిపోతుంది, తడిది పట్టుకుంటుంది. అందుకే ఒక బకెట్ నీళ్లు తెచ్చి పోసినా మంచిదే. తాడు నేలకు దగ్గరగా, వాలుగా లాగాలి. నిట్టనిలువుగా లాగితే సంచి పైకి వచ్చేస్తుంది. నాలుగు మూలలకు నాలుగు సంచులు, మిగిలిన రెండూ పై పొర నుంచి వచ్చే పక్క తాళ్లకు. తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు కట్టండి, చీకట్లో కాళ్లకు అడ్డం పడకుండా.

గాలి ఎంత చల్లగా ఉన్నా పై కిటికీలు మూయకండి. తేమ బయటికి పోయే దారి అదొక్కటే. దోమతెర జిప్పు మాత్రం ఎప్పుడూ మూసి ఉండాలి, మనం బయట కూర్చున్నప్పుడు కూడా. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము, నేల మీద పడుకున్నవాళ్ల పక్కల్లోకి చేరడం దాని అలవాటు. జిప్పు మూసిన టెంటు మంచం కంటే మంచి రక్షణ. చెప్పులు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడుక్కోండి.

చీకటి పడ్డాక

భోజనం ఇంటి నుంచి తెచ్చుకున్నదైతే సుఖం. పులిహోర, చపాతీలు, వేయించిన పల్లీలు, పెరుగన్నం మొదటి పూటకు. వండుకోవాలనే సరదా ఉంటే చిన్న గ్యాస్ స్టవ్ టెంటుకు పది అడుగుల దూరంలో, గాలికి చాటుగా పెట్టుకోండి. టెంటు లోపల ఎప్పుడూ వద్దు. మంట కంటే ముందు విషవాయువు ప్రాణం తీస్తుంది. సరుగుడు తోట దగ్గర కట్టెల మంట వెయ్యొద్దు. నేలంతా రాలిన సరుగుడు పుల్లలే, ఒక్క నిప్పురవ్వ చాలు. చోడి (రాగి) అంబలి వేడిగా కాచి ఫ్లాస్కులో పోసుకెళ్తే తెల్లవారుజామున లేచినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో తాగినవాళ్లకే తెలుసు.

తిన్నాక మిగిలింది ఇసుకలో పూడ్చకండి, కుక్కలు తవ్వేస్తాయి. కవరులో మూట కట్టి వెనక్కి తీసుకెళ్లండి. దొడ్డికి వెళ్లాల్సి వస్తే గీతకు బాగా ఇవతల, నీటి బుగ్గలకు, దారులకు దూరంగా, పారతో జానెడున్నర గొయ్యి తవ్వి పూడ్చాలి. పడవల చాటున, వలల దగ్గర ఎప్పటికీ కాదు. మత్స్యకారులు గంగమ్మను కొలిచే గద్దెలు, చిన్న గుళ్లు ఒడ్డునే ఉంటాయి, అవి ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి.

టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. తాబేళ్లు తెల్లటి వెలుగును చూసి వెనక్కి తిరిగిపోతాయి, పుట్టిన పిల్లలు ఆ వెలుగును సముద్రం అనుకుని భూమి వైపు పాకుతాయి. స్పీకర్లు, రంగుల లైట్లు వద్దు. అదృష్టం ఉంటే ఫిబ్రవరి రాత్రి ట్రాక్టర్ టైరు వెళ్లినట్టు ఇసుక మీద జాడ కనిపిస్తుంది. తల్లి ఇంకా అక్కడే ఉంటే దూరంగా, వెనక వైపు, దీపం ఆర్పి కూర్చోండి. ఫోటో వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ ఉంది. గుడ్లు ముట్టుకున్నా నేరమే. కూర్మావతారాన్ని కొలిచే శ్రీకూర్మం ఉన్న జిల్లా మనది. ఆ తల్లి కంటి నుంచి నీరు కారుతూ గుడ్లు పెట్టడం చూసినవాళ్లు ఇంకెవరూ చెప్పకుండానే జాగ్రత్తగా ఉంటారు.

ఉద్దానం వైపు, అంటే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఉంటే జీడి తోటల్లోకి రాత్రిపూట వెళ్లొద్దు. ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడిపండ్లు, పనసపండ్లు పండే వేసవిలో మరీ ఎక్కువ. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ప్రాణం పోవడం, మనుషులు గాయపడటం అక్కడి వాళ్లు ఇంకా మర్చిపోలేదు. టెంటు ఇసుక మీద ఉండాలి, తోటలో కాదు.

నీళ్లలోకి

రాత్రి ఎవరూ దిగకూడదు. పగలు కూడా మోకాలి లోతు దాటొద్దు. మన ఒడ్డు చాలాచోట్ల హఠాత్తుగా లోతవుతుంది, తిరిగిపోయే కెరటం కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. కెరటాలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సన్నటి దారి ఉంటే అది ఈతకు మంచి చోటు అనుకోకండి, నీళ్లు లోపలికి లాగేది అక్కడే. లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. వేరేవాళ్లు చిక్కితే మీరు దూకకండి. తాడు విసరండి, ఖాళీ క్యాన్ విసరండి, పడవవాళ్లను పిలవండి.

లేచి వెళ్లిపోవాల్సిన వేళ

బయలుదేరే రోజు పొద్దున వాతావరణ శాఖ సమాచారం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల హెచ్చరిక చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే ప్రయాణం మానుకోండి. కళింగపట్నం రేవుకు ప్రమాద హెచ్చరిక నంబరు ఏదైనా ఇచ్చారంటే ఇంక ఆలోచన అక్కర్లేదు. ఒడ్డున ఉన్నప్పుడు పడవలన్నీ పైకి లాగేస్తుంటే మీరూ సర్దుకోండి. ఉరుము వినిపిస్తే టెంటులో కూర్చోకండి, దాని కడ్డీలు పిడుగు నుంచి కాపాడవు. సరుగుడు చెట్ల కిందకీ పోకండి. ఊళ్లోని స్లాబు ఇంటికి, బడికి, తుపాను షెల్టరుకు పరుగెత్తండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ 1554. నంబర్లు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

తెల్లవారాక

అయిదింటికి లేవండి. వేటకు వెళ్లిన పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి, ఒడ్డున గంపలతో ఆడవాళ్లు, చేపల వేలం పాట. కోనాం, చందువా, కానాగంతలు, కవళ్లు కళ్ల ముందు కుప్ప పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఈ సందడి ఉండదు. కొనాలనిపిస్తే పాట అయ్యాక అడగండి, మధ్యలో దూరొద్దు. పడవ లాగుతున్నప్పుడు చెయ్యి వేస్తామంటే సంతోషంగా పిలుస్తారు. ఫోటో తీసే ముందు అడగండి.

ఏడున్నరకల్లా టెంటు తీసేయాలి. వలలు ఆరబెట్టే సమయం అదే. సంచులు తవ్వి తీసి, ఇసుక అక్కడే పోసి, గోతులు పూడ్చండి. సగం పూడ్చిన గొయ్యిలో సముద్రానికి పోయే తాబేలు పిల్ల పడితే మళ్లీ పైకి రాలేదు. మీ చెత్తతో పాటు చుట్టుపక్కల కనిపించే ప్లాస్టిక్ ఒక సంచెడు ఏరుకెళ్లండి.

ఇంటికి వచ్చాక ఆ రోజే టెంటును మంచినీళ్లతో కడగండి. సబ్బు వద్దు. కడ్డీల కీళ్లలో ఇసుక మిగిలితే వచ్చేసారికి విరుగుతాయి, జిప్పుల్లో ఉప్పు మిగిలితే పట్టేస్తాయి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. తర్వాత మేడ మీద నీడలో, రెండు రోజులు పూర్తిగా ఆరే దాకా తాడు మీద వేయండి. తడిగా మడిచి అటక మీద పెడితే నెల తిరక్కుండానే బూజు పట్టి, గుడ్డకున్న నీళ్లు ఆపే పూత పొరలుగా లేచిపోతుంది.